షార్టువేవు స్టేషను తొలగిపోవుటకు కారణమేమి?

ప్రశ్న: నా చవకరకపు ముల్లు రేడియోలో షార్టువేవు స్టేషను పట్టిన కొంతసేపటికే తొలగిపోవుచున్నది. దోషమెచ్చటిది?

జవాబు: దోషము మీ చేతిది కాదు. స్టేషనును నిర్ణయించు లోపలి ఆసిలేటరు ఒక తీగచుట్టపైనను, కండెన్సరుపైనను ఆధారపడియుండుటచేతను, వేడిమి మారినపుడు వాని విలువలు ఇంచుక మారుటచేతను, బ్యాటరీ నీరసించుటచేతను, ముల్లు కదలకున్నను పౌనఃపున్యము చలించును. ఆసిలేటరు స్టేషనుకంటె ఇంచుక పై పౌనఃపున్యమున నడచును గనుక, వేయింట ఒక పాలు చలనము మీడియంవేవులో 1000 కిలోహెర్ట్జుల వద్ద సుమారు ఒకటిన్నర కిలోహెర్ట్జు మాత్రమే. 15 మెగాహెర్ట్జుల వద్ద నదియే 15 కిలోహెర్ట్జులై, 5 కిలోహెర్ట్జుల ఎడముతో నుండు స్టేషనులను మూడింటిని దాటించును. కావున వినుటకు పావుగంట ముందే రేడియో వేసియుంచుడు, ఎండ తగులనీయకుడు, బ్యాటరీలు క్రొత్తవి వాడుడు. దీనిని పారవేయుమని మాత్రము నేను చెప్పజాలను: రాత్రివేళ 6, 7 మెగాహెర్ట్జుల బ్యాండులలో చలనమును తక్కువ, దూరదేశముల ధ్వనియు స్పష్టము.