ఊబకాయం: ఎష్‌బోర్న్ బడి నుంచి మన ఊరి దాకా

జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో, ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఆనుకుని ఉన్న పట్టణం ఎష్‌బోర్న్. అక్కడ బడిలో చేరబోయే ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వ వైద్యులు ఎత్తు, బరువు కొలుస్తారు. ఈ చిన్న పని చాలా విలువైనది: కొలత లేనిదే విధానం గాలిలో దీపం.

దేశస్థాయి గణాంకాలు బెర్లిన్‌లోని రాబర్ట్ కోచ్ సంస్థవి. దాని 2014–17 సర్వేలో 3–17 ఏళ్ల వారిలో 15.4 శాతం మందిది అధిక బరువు. వీరిలో ఊబకాయులు మొత్తం పిల్లల్లో 5.9 శాతం. అయినా జర్మనీ తీపి పానీయాలపై ప్రత్యేక పన్ను వేయలేదు. 2018లో చక్కెర, ఉప్పు, కొవ్వు తగ్గించడాన్ని కంపెనీల ఇష్టానికే వదిలింది. అదే ఏడాది బ్రిటన్ తీపి పానీయాలపై పన్ను వేసింది. పిల్లల ఆరోగ్యం విషయంలో బ్రిటన్ దారే మేలని నా అభిప్రాయం.

మన సంగతి: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం దేశంలో 24 శాతం, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. ఇక్కడ ప్రమాణం శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 25, ఆపైన.

గుర్తుంచుకోండి: ప్రపంచ ఊబకాయ దినం మార్చి 4. భారతీయుల ఆహార మార్గదర్శకాలను 2024లో సవరించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ.