నేర పరిశోధన శాస్త్రము, నాడీ విజ్ఞానము: రెండు విద్యల కలయిక

గ్రామములో నొక అనుమానాస్పద మరణము సంభవించినప్పుడు, అది వ్యాధివలన కలిగినదా, ప్రమాదవశమున కలిగినదా, మరియొకరి దుశ్చర్యవలన కలిగినదా యను ప్రశ్న పుట్టును. రచ్చబండవద్ద పదిమంది పదివిధములుగా చెప్పుకొందురు. దోషి తప్పించుకొనరాదు, నిర్దోషి చెరసాల పాలుగారాదు. ఈ రెండును నెరవేరుటకు వదంతి చాలదు, విజ్ఞానము కావలెను. అట్టి విజ్ఞానములలో రెండింటిని గూర్చియు, వానిని కలిపి అభ్యసించుటవలన కలుగు ప్రయోజనమును గూర్చియు ఇచ్చట వివరింపదలచితిమి.

రెండు శాస్త్రములు

మొదటిది నేర పరిశోధన శాస్త్రము. దీనినే ఫోరెన్సిక్ సైన్సు అందురు. వ్రేలిముద్రలు, రక్తపు మరకలు, విషములు, చేవ్రాతలు మున్నగువానిని పరీక్షించి న్యాయస్థానమునకు నిజము తెలుపుట దీని పని. ఈ శాస్త్రము మన దేశమునకు క్రొత్త గాదు. 1897లోనే కలకత్తా నగరమున వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ఆ ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయులు ప్రముఖ పాత్ర వహించిరి. డి.ఎన్.ఏ. పరీక్షను మన దేశమున నెలకొల్పిన లాల్జీసింగ్ గారు ఆ కృషిని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాలయమునందే సాగించిరి.

రెండవది నాడీ విజ్ఞానము, అనగా న్యూరోసైన్సు. సుమారు 1,400 గ్రాముల బరువుగల మానవుని మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఇవి విద్యుత్తు మూలమునను, రసాయనముల మూలమునను ఒకదానితో నొకటి సంభాషించును. 1924లో హాన్స్ బెర్గర్ అను జర్మను వైద్యుడు మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను తొలిసారి నమోదు చేసెను.

ఒక శాస్త్రము నేరస్థలమును పరిశీలించును. మరియొకటి మనుష్యుని మెదడును పరిశీలించును. ఈ రెండును కలియు తావులు మూడింటిని చూపుదుము.

విషము, నాడులు

పంటలపై చల్లు పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫేటు జాతివి కలవు. నాడి నుండి కండరమునకు ఆజ్ఞను చేరవేయు ఒక రసాయనము మన దేహమున నున్నది. దాని పని ముగియగనే దానిని విచ్ఛిన్నము చేయుటకు ఒక ఎంజైము కలదు. ఈ మందు ఆ ఎంజైమును స్తంభింపజేయును. అంతట ఆజ్ఞ ఆగక సాగుచునే యుండును. కంటిపాప సూదిమొనవలె ముడుచుకొనును, నోట చొంగ కారును, కండరములు అదరును, తుదకు శ్వాస నిలుచును. పురుగునకు జరుగునదియు నిదియే, మనుష్యునకు జరుగునదియు నిదియే.

మరణము సంభవించినచో, వైద్యుడు సేకరించి పంపిన రక్తమును, అవయవ భాగములను ప్రయోగశాలలో పరీక్షించి విషమేదియో తేల్చుదురు. విషమును గుర్తించుట మొదటి శాస్త్రము. అది ప్రాణమునెట్లు తీసినదో చెప్పుట రెండవ శాస్త్రము. మందు చల్లుచు మరణించిన కూలీ కుటుంబమునకు పరిహారము లభించుటయు, అన్యాయముగా నిందపడినవాడు బయటపడుటయు ఇట్టి నివేదికపై ఆధారపడియుండును.

సాక్షి జ్ఞాపకము

‘కన్నులార చూచితిని’ అను సాక్షి మాటకు మనము మిక్కిలి విలువ నిత్తుము. కాని జ్ఞాపకము ఫోటో వంటిది కాదు. తలచుకొన్నప్పుడెల్ల మెదడు దానిని మరల కూర్చుకొనును. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను పరిశోధకులు విద్యార్థులకు కార్లు ఢీకొనిన చిత్రమును చూపిరి. పిదప వేగమెంతయని కొందరిని ‘కార్లు తాకినప్పుడు’ అనియు, కొందరిని ‘కార్లు నుజ్జుగ గుద్దుకొన్నప్పుడు’ అనియు ప్రశ్నించిరి. వారము గడచిన తరువాత, పగిలిన అద్దము చూచితిరా యని అడిగిరి. చిత్రములో అద్దము పగులనే లేదు. అయినను, ‘గుద్దుకొన్న’ మాట విన్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి. ‘తాకిన’ మాట విన్న 50 మందిలో 7గురు మాత్రమే అట్లనిరి. ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకమునే మార్చినది.

దీని ఫలము ఎంత దారుణమో రొనాల్డ్ కాటన్ అను అమెరికనుని కథ తెలుపును. బాధితురాలు చిత్తశుద్ధితోనే అతనిని గుర్తించి పొరబడినందున 1985లో అతనికి శిక్షపడినది. 1995లో డి.ఎన్.ఏ. పరీక్షవలన అతడు నిర్దోషి యని తేలి విడుదలయ్యెను. పోయిన పదేండ్ల జీవితము మాత్రము తిరిగి రాలేదు.

మెదడు పరీక్షలు, వాని హద్దులు

తలకు తీగలమర్చి, నేరమునకు సంబంధించిన మాటలు వినిపించి, విద్యుత్తరంగముల మార్పునుబట్టి నేరస్థుని కనిపెట్టవచ్చునని కొందరు తలచిరి. 2008లో పూణే సెషన్సు కోర్టు ఒక హత్యకేసులో ఇట్టి పరీక్షను సాక్ష్యములలో నొకటిగ స్వీకరించినది. కాని తరంగము మారినంతమాత్రమున, ఆ సంగతి ఆ వ్యక్తి తాను చేసినదో, పోలీసులవలన విన్నదో, పత్రికలో చదివినదో యంత్రము నిస్సందేహముగ చెప్పజాలదు.

2010 మే 5వ తేదీన సుప్రీముకోర్టు ‘సెల్వి’ కేసులో స్పష్టమైన తీర్పునిచ్చినది. మత్తుమందిచ్చి చేయు నార్కో పరీక్షగాని, పాలిగ్రాఫుగాని, మెదడు తరంగముల పరీక్షగాని వ్యక్తి సమ్మతి లేనిదే జరుపరాదు. తనకు వ్యతిరేకముగ తానే సాక్ష్యమిచ్చుటకు ముద్దాయిని నిర్బంధింపరాదని రాజ్యాంగము 20వ అధికరణమున చెప్పుచున్నది. సమ్మతించువాని సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయవలెను. వకీలు సహాయము లభింపజేయవలెను. అప్పటికిని ఫలితము తనంత తాను సాక్ష్యము కాదు. దానివలన పిదప దొరకిన వస్తువునో, సమాచారమునో మాత్రమే కోర్టు స్వీకరింపవచ్చును. ఈ హక్కు ధనికునకును, పేదకును సమానమని ప్రతి గ్రామస్థుడును ఎరుగవలెను.

విద్యార్థులకు మార్గము

ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయము రెండు విషయములను జోడించి డిగ్రీ నేర్పు సంప్రదాయమునకు పేరుగన్నది. ఈ రెండు శాస్త్రములును అచ్చట అట్లు జోడింపబడినవి. మన దేశమున గాంధీనగరులోని విశ్వవిద్యాలయము 2020లో పార్లమెంటు చట్టముచే జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞాన విశ్వవిద్యాలయమైనది. ఉస్మానియాయందును ఫోరెన్సిక్ సైన్సు బోధించుచున్నారు. నాడీ విజ్ఞాన పరిశోధనకు బెంగుళూరులోని నిమ్హాన్స్ ప్రసిద్ధము. ఈ మార్గమున పోగోరువారు ఇంటరులో జీవశాస్త్రము, రసాయనశాస్త్రము శ్రద్ధగా చదువుట మేలు.

ఈ విద్యకు అవసరము పెరుగుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, 7 సంవత్సరములు, అంతకుమించి శిక్షపడదగు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు వచ్చి ఆధారములు సేకరింపవలెను. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు 5 సంవత్సరముల గడువు కలదు.

మన కర్తవ్యము

నిపుణుడు వచ్చువరకు ఆధారములను కాపాడు భారము గ్రామస్థులదే. నేరస్థలమున వస్తువులను తాకరాదు, కడుగరాదు. సాక్షులు చూచినదానిని వెంటనే, వేరువేరుగ, ఇతరులతో చర్చింపకముందే పోలీసులకు చెప్పవలెను. పురుగుమందు సోకినవానిని జాగుసేయక ఆసుపత్రికి చేర్చి, మందు సీసానుగాని దాని చీటినిగాని వైద్యునకు చూపవలెను. అది ప్రాణమును నిలుపుటకును, నిజమును తేల్చుటకును ఉపకరించును. ఇక తెలివిగల పిల్లలను ఈ విద్యలకు పంపుదుము గాక. గ్రామమునెరిగిన నిపుణుడు ప్రయోగశాలలో నున్ననాడు, గ్రామమున జరిగిన సత్యము న్యాయస్థానమునకు సులభముగ చేరును.