ఉసిళ్ళు చెప్పు పోషకాహార పాఠము

మానవదేహ పోషణకు మాంసకృత్తులు అత్యవసరములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారము 65 కిలోల బరువు గల పురుషునకు రోజునకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు కావలయును. పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము వీనిని సమకూర్చునని మన మెరుగుదుము. కీటకముల పేరు చెప్పగానే మాత్రము పలువురు మొగము చిట్లింతురు. అయినను మన చిత్తూరు సీమ పల్లెలకు ఈ ఆహారము క్రొత్తది కాదు.

వానలు కురిసిన పిదప పుట్టలనుండి గుంపులుగా వెలువడు రెక్కల చెదలను ఉసిళ్ళనియు, ఈసుళ్ళనియు పిలుతురు. చెదల కుటుంబములో రాజులు, రాణులు కాదగినవి ఇవియే. నేల తడిసినపుడు ఇవి ఎగిరి, రెక్కలు రాల్చి, జతకట్టి క్రొత్త పుట్టకు పునాది వేయును. ఆ సంసారము నిలదొక్కుకొనువరకు బయటి ఆహారము దొరకదు గనుక, కొవ్వును మాంసకృత్తులను దేహములో ముందుగనే నిలువ చేసికొని బయలుదేరును. ఇవి మనుష్యునకు పుష్టికరము లగుటకు కారణ మిదియే.

వీనిని పట్టు విధానము సులభము. చీకటివేళ పుట్ట సమీపమున దీపము నుంచి, దాని క్రింద నీళ్ళ పాత్రను పెట్టుదురు. వెలుగునకు వచ్చి పడినవానిని ఎండబెట్టి, చేటతో చెరిగి రెక్కలు పోగొట్టి, పెనముపై దోరగా వేయింతురు. వాని కొవ్వే చాలును గనుక నూనెతో పని లేదు. ఉప్పు, కారము చేర్చి బొరుగులతో గాని, వేయించిన బియ్యముతో గాని కలిపి తిందురు.

ఇట్టిదే మరియొకటి మన జిల్లాలో కలదు. పలమనేరు, కుప్పము ప్రాంతముల రైతులు మల్బరీ పెంచి పట్టుపురుగులను సాకుదురు. గూటినుండి దారము తీసిన పిమ్మట లోపల మిగులు ప్యూపా ఎండు బరువులో సుమారు సగము మాంసకృత్తులే. అస్సాములో ఎరి పట్టుపురుగు ప్యూపాను ఇష్టముగా భుజింతురు. కొరియాలో ఉడికించిన ప్యూపాను వీధులలో విక్రయింతురు. మన దేశమున ఇది కోళ్ళకు, చేపలకు మేతగా కూడ ఉపయోగపడుచున్నది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రకటించిన నివేదికలో ప్రపంచమున 1,900కు పైగా కీటక జాతులను మనుష్యులు తినుచున్నట్లు పేర్కొన్నది. సగటున 2 కిలోల మేతతో ఒక కిలో కీటకములు పెరుగగా, పశువు ఒక కిలో బరువు పెరుగుటకు 8 కిలోల మేత కావలయునని ఆ నివేదిక తెలిపినది. 2021లో ఐరోపా సమాఖ్య కొన్ని కీటకములను ఆహారముగా విక్రయించుటకు అనుమతించినది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

విద్యార్థులు అంకెలను జాగ్రత్తగా చదువవలయును. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చించి మాంసకృత్తుల పరిమాణమును గణింతురు. కీటకముల పై పెంకులోని కైటిన్ అను పదార్థమునందు కూడ నత్రజని కలదు. కావున ఈ లెక్క ఉన్నదానికంటె అధికముగా వచ్చును. రొయ్యలు సరిపడనివారికి కీటకములును సరిపడకపోవచ్చును. పురుగుమందు తగిలినవానిని ఎన్నడును తినరాదు. 2020లో రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలపై పడిన మిడతల దండుపై మందులు చల్లిరి. అట్టి మిడతలు ఆహారమునకు పనికిరావు.

ఇక ధర్మవిషయము. ఉర్దూలో టిడ్డీ అనబడు మిడతను తినుట ఇస్లాము ధర్మశాస్త్రమున అనుమతింపబడినది. చేపవలె దానికిని జబహ్ అవసరము లేదని అధికసంఖ్యాకులైన పండితుల అభిప్రాయము. ఉసిళ్ళవంటి ఇతర కీటకములను హనఫీ మొదలగు సంప్రదాయములు అనుమతింపవు. బైబిలులోని లేవీయకాండము కొన్ని జాతుల మిడతలను తినవచ్చునన్నది. బాప్తిస్మమిచ్చు యోహాను మిడతలను, అడవి తేనెను భుజించెనని సువార్త చెప్పుచున్నది. శాకాహార నియమము గలవారికి ఇవి యన్నియు వర్జ్యములే. కావున ఉసిళ్ళు తినుడని ఎవరికిని చెప్పుట మా ఉద్దేశ్యము కాదు. తినుటయు, మానుటయు ఎవరి విశ్వాసమునుబట్టి వారు నిర్ణయించుకొనవలసినవి.

అయితే తినువారిని చులకన చేయుట ఏ ధర్మమును నేర్పలేదు. పప్పు కొనజాలని ఇంట వానకాలపు రాత్రి పిల్లల చేతికి వచ్చు గుప్పెడు ఉసిళ్ళు నిజమైన పోషకాహారము. అదియే విదేశములలో పొట్లము కట్టి అమ్మినపుడు రేపటి ఆహారమని కొనియాడి, మన పల్లెలో తిన్నపుడు అనాగరికమని నవ్వుట న్యాయము కాదు. ఆ నవ్వునకు వెరచి వసతిగృహములో తన ఇంటి వంటను దాచుకొను విద్యార్థికి పోషకాహార శాస్త్రము అండగా నిలువవలయును.

మన విద్యార్థులు తమ గ్రామములలోని పెద్దల నడిగి ఉసిళ్ళ పేర్లను, అవి వెలువడు కాలమును, పట్టు పద్ధతులను వ్రాసి ఉంచుట మంచిది. రసాయనశాస్త్ర విభాగమువారు కెల్డాల్ పద్ధతిని బోధించునపుడు కందిపప్పుతోపాటు ఒక గుప్పెడు ఉసిళ్ళను కూడ పరీక్షింపవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు ఇందుకు ప్రోత్సాహ మీయగలరని ఆశించుచున్నాము.