నాగా పెట్టిన పనివాని గూర్చి



నీ ఉత్తరము చేరినది. ధారావిలో తొంబై అడుగుల రోడ్డుకు వెనుక నీవు నడుపుచున్న కుట్టుపని కార్ఖానాలో ముగ్గురు కారిగరులు ఒక్క వారములోనే నీతో చెప్పకుండ నాగా పెట్టిరనియు, దీపావళి సరుకునకు గడువు దగ్గరపడుచుండగా ఓవర్‌లాక్ మిషను ముందు తాత్కాలికముగ కూర్చుండబెట్టిన కుర్రవాడు తప్ప మనిషి లేక, కుట్టిన బట్టలు కాజా బటన్లకు పోకుండ కుప్పవడి యున్నవనియు, ఆ ముగ్గురి పేర్లును హాజరీ పుస్తకమునుండి కొట్టివేసి, వారికి రావలసిన పగారును ఆపివేయవచ్చునా యనియు అడిగితివి. నీ కోపము అకారణమైనది కాదు. అయినను ఆ రెండింటిలో రెండవది ఎన్నడును చేయరాదు. మొదటిది విచారణ జరిపిన పిమ్మట గాని చేయరాదు. పరేలులో ఒక మిల్లు హాజరీ ఆఫీసులో యౌవనమంతయు గడపినవాడను గనుక, ఈ విషయమున నాకు తెలిసినది కొంత విస్తరించి వ్రాసెదను.

ఈ నగరమున మనవారి చరిత్ర కూలిపనితోనే మొదలైనది. నిజాము రాజ్యమునుండి రాళ్లు మోయుటకును, ఇండ్లు కట్టుటకును వచ్చిన కామాఠీల పేరుమీదనే కామాఠిపుర వెలసినది. పిమ్మట బట్టల మిల్లులు లేచినప్పుడు కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు తరలివచ్చి వర్లీ, ప్రభాదేవి, పరేలు చాల్‌లలో కాపురములు పెట్టిరి. ఇచటి మొదటి మిల్లునకు 1854లో పునాది పడినది. కాని ఆ తరువాత ముప్పది యేండ్లకు పైగా వారమునకొక దినము విశ్రాంతి యనునది పనివానికి హక్కుగా లేకుండెను. 1884లో నారాయణ మేఘాజీ లోఖండే పరేలులో కార్మికులను సమావేశపరచి, ఆదివారము సెలవును, మధ్యాహ్నము అరగంట విరామమును, తరువాతి నెల పదునైదవ తేదీ లోపల పగారును కోరుచు 5,500 మంది పక్షమున అర్జీ పెట్టించెను. ఆయన జోతిరావు ఫూలే గారి సత్యశోధక సమాజములోని వాడు. ఆ సమాజమునకు బొంబాయిలో ధనసహాయము చేసి అండగా నిలిచినవారిలో మన తెలుగు కంట్రాక్టర్లును ఉండిరి, ఇది మనము మరువదగిన సంగతి కాదు. 1890 జూన్ నెలలో గాని మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు సమ్మతింపలేదు. అంతవరకు ఒడలు నొచ్చినవాడును, ఇంట బిడ్డకు జ్వరము తగిలినవాడును ఏమి చేసియుందురో యోచింపుము. అడిగి సెలవు పుచ్చుకొను మార్గము లేనిచోట, అడుగకుండ పోవుటయే సెలవగును.

కనుక నేను నిన్ను మొదట అడుగునది యిది: నీ కార్ఖానాలో సెలవు ఎవరి నడుగవలెను? నీవు ఉదయము బజారుకు పోదువు, కటింగు మాస్టరు తనకు అధికారము లేదనును, సరుకు వేళలో సెలవడిగినవాడు తిట్లు తినును. అట్టిచోట తెలివిగలవాడు రాత్రివేళ సంచి సర్దుకొని రైలెక్కును. మిల్లులలోనూ ఇదియే జరిగినది. ఊరికి పోయి తిరిగివచ్చిన మగ్గపువాడు తన మగ్గమును తిరిగి సంపాదించుకొనుటకు, పనివారిని చేర్చుకొని పని చేయించు మేస్త్రీయగు జాబరునకు దస్తూరి ముట్టజెప్పవలసి వచ్చెడిది. అనగా పనివారి నాగాలు జాబరునకు రాబడిగా నుండెను. విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాజ కార్మిక కమిషను 1931 నాటి నివేదికలో, పనివానికి పల్లెతో గల సంబంధమును తెంపుటకు యత్నింపక, దానిని నిలిపి ఒక క్రమములో పెట్టవలెనని చెప్పినది. ఆ మాట నీకును వర్తించును. నీ పనివాడు ఏ వేళ ఊరికి పోవునో నీకు ముందే తెలియును: మృగశిర కార్తెలో విత్తనాలకు, బతుకమ్మకు దసరాకు, వేసవిలో పెండ్లిండ్లకు, రెండేండ్ల కొకసారి మేడారము జాతరకు. ఇంత తెలిసియుండియు ఎవరెప్పుడు పోవుదురో ముందుగా వ్రాసి పెట్టుకొనని యజమాని, వారు పోయిన దినమున ఆశ్చర్యపడుట న్యాయము కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏడాదిలో 240 దినములు పనిచేసినవానికి ఇరువది దినముల కొక దినము చొప్పున పగారుతో సెలవు విధించినది. నీ కార్ఖానా చిన్నది గనుక ఆ లెక్క నీకు పట్టదని ఎవరు చెప్పినను, నీవు పాటింపుము.

ఇక నీ ముగ్గురి సంగతి. జగిత్యాల వైపువాడు తల్లికి జబ్బని విని పోయినాడని తోటివారు చెప్పుచున్నారు, వాని ఫోను పలుకుట లేదు. ఇది నాగాయే, కాని నేరమని చెప్పుటకు నీవద్ద ఆధారమేమి కలదు? పనివారి ఉద్యోగ నియమములను గూర్చిన 1946 చట్టము క్రింద వెలువడిన మాదిరి నియమావళిలో, సెలవు గడువు దాటిన పిమ్మట ఎనిమిది దినముల లోపల తిరిగివచ్చి తగిన కారణము చెప్పనివాడు తన స్థానముపై హక్కు కోల్పోవునని యుండెను. అట్టివానినిసైతము బద్లీల, అనగా మారుమనుషుల, పట్టికలో నుంచవలెననియు ఆ నియమమే చెప్పెను. ఎనిమిది దినములు దాటినవెంటనే ఉద్యోగము దానంతట అదే పోవునని ఒక కంపెనీ డి.కె. యాదవ్ అను కార్మికుని తొలగింపగా, అతని మాట వినకుండ జీవనోపాధి తీసివేయుట న్యాయము కాదని 1993లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పి, సగము బకాయి జీతముతో అతనిని మరల పనిలో పెట్టించినది. రాకపోవుట బుద్ధిపూర్వకమని ఋజువు కావలెనని 2012లో మరియొక తీర్పు వచ్చినది. చట్టముల పేర్లు మారుచుండును. ఎదుటివాని మాట వినవలెనను విధి మాత్రము మారలేదు. కావున వాని ఊరివారెవరైన ధారావిలో నున్నచో వారిచేత కబురు పంపుము. పిమ్మట వాని ఊరి చిరునామాకు, వాడు చదువగల తెలుగులోనే, ఎన్నడు వచ్చెదవో తెలుపుమని రిజిస్టరు ఉత్తరము వ్రాయుము. అందులో బెదిరింపు మాట ఒక్కటియు వలదు.

రెండవవాడు పగారు ముట్టిన మరునాడు ప్రతి నెలయు కనబడడని వ్రాసితివి. మిల్లులలోను పగారు దినము దాటగానే నాగాలు పెరుగుట ఏటేట చూచినాము. వీని యెడల నీవు మెత్తబడరాదు, ఏలయనగా నీ దయ యొక్క భారము నీపై పడదు. వాని వంతు పని చేయుచు రాత్రి పదింటివరకు కూర్చుండు పక్క మిషనువానిపై పడును. వానిని నలుగురిలో కాక ఒంటరిగా పిలిచి, తేదీలు చూపి, కారణము వినుము. తాగుడు కారణమైనచో, వాని సమ్మతితో పగారు భార్య ఖాతాకు పంపుము. అప్పటికిని మారనిచో వ్రాతపూర్వకముగ హెచ్చరించి, మరల జరిగిన యెడల ఇద్దరు పెద్దమనుషుల యెదుట విచారించి తొలగింపుము. అలవాటుగా చెప్పకుండ మానుట ఆ పాత నియమావళిలోను దుష్ప్రవర్తనగనే పరిగణింపబడినది.

మూడవవాడు అడ్వాన్సు పుచ్చుకొని మరియొక కార్ఖానాలో చేరినవాడు. నీ కోపము వీనిపైననే హెచ్చుగా నున్నది. 1859లో దొరతనమువారు చేసిన చట్టము ప్రకారము, అడ్వాన్సు పుచ్చుకొని పనికి రానివానిని మేజిస్ట్రేటు మూడు నెలలవరకు చెరసాలకు పంపగలిగెడివాడు. ఆ చట్టమును 1925లో రద్దుచేసిరి. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టివేయుటను 1976 చట్టము నిషేధించినది. వాడు నీకు బాకీదారు మాత్రమే, నీ సొత్తు కాడు. వాడు చేసిన పనికి పగారు లెక్కకట్టి, కాగితముపై వ్రాసియున్న బాకీని ఆ లెక్కలో ఉభయసమ్మతిగ సరిచూచుకొని, మిగిలినదానికి వాయిదాలు అడుగుము. మనుషులను వెంటబెట్టుకొని వాని కొత్త కార్ఖానా గడపకు పోవలదు. ఎవరి ఆధారు కార్డైనను నీ గల్లాపెట్టెలో నున్నచో ఈ సాయంకాలమే తిరిగి యిచ్చివేయుము. ఇకమీదట ఒక నెల పగారునకు మించి అడ్వాన్సు ఈయకుము.

పగారు ఆపుట గూర్చి మరియొక మాట. రాని దినములకు పగారు లేదు, అంతవరకే నీ హక్కు. పదిమందియో అంతకు మించియో కూడబలుకుకొని తగిన కారణము లేక నోటీసీయకుండ మానినప్పుడు మాత్రమే, 1936 నాటి పగారుల చట్టము ఎనిమిది దినముల పగారువరకు అదనముగా పట్టుకొనుట కనుమతించెను; ముగ్గురు వేర్వేరుగ పోయినందుకు ఆ మాట ఎత్తుటకును వీలులేదు.

ఓవర్‌లాక్ మిషను మీద ఇప్పుడు కూర్చుండబెట్టిన కుర్రవానితో నీవేమి చెప్పితివో వ్రాయలేదు. వాడిప్పుడు బద్లీవాడే. 1935లో మిల్లు యజమానుల సంఘము నెల మొదటి దినముననే ఎంపికచేసిన బద్లీలకు కార్డులిచ్చి, ఆ మనుషులనే ఖాళీలలో పెట్టవలెనని ఏర్పాటుచేసినది జాబరుల ఇష్టారాజ్యమును అరికట్టుటకే. కాని క్రమముగ బద్లీగనే తలనెరసినవారు మా హాజరీ ఆఫీసు కిటికీముందు ప్రతి ఉదయము నిలువబడుట నేనెరుగుదును. ఆ కుర్రవాని స్థితి అట్లు కారాదు. జగిత్యాలవాడు వచ్చువరకే యీ చోటు నీదని, వాడు రానిచో ఫలానా తేదీనుండి నీకే ఖాయమని, ఆ తేదీ వేసి కాగితము వ్రాసి యిమ్ము. నా జవాబున కెదురుచూడక రేపే ఆ పని చేయుము.

ఇట్లు,
నీ తాత