నూరువరహాల మొక్కలలో ఇనుపధాతు లోపం: దేవరయాంజాల్ పరిసర తోటలలో గుర్తింపు, యాజమాన్యం

హైదరాబాద్ నగరానికి ఉత్తరాన, శామీర్‌పేట పరిసరాలలోని దేవరయాంజాల్ వంటి గ్రామాలలో ఫామ్‌హౌస్‌లు, గిడ్డంగులు, కొత్త లేఅవుట్లు పెరిగిన కొద్దీ అలంకరణ మొక్కల పెంపకమూ విస్తరించింది. ప్రహరీ గోడల వెంట నాటే పొదలలో నూరువరహాలు ముఖ్యమైనది. ఇక్సోరా కాక్సీనియా అనే శాస్త్రీయ నామం గల ఈ పొద కాఫీ మొక్క చెందిన రూబియేసి కుటుంబంలోనిదే. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని స్వస్థలాలు. కనుక మన ఎండలు దీనికి కొత్త కావు. అయినప్పటికీ నాటిన కొంతకాలానికే లేత ఆకులు పాలిపోయి, పూగుత్తులు తగ్గి, చివరకు యజమానులు మొక్కనే పీకివేయడం కనిపిస్తుంది. ఆకు పసుపుబారింది అనగానే యూరియా, డి.ఎ.పి. వేయించడం మన సలహాలలో తరచు దొర్లే లోపం. నేలలో భాస్వరం మితిమీరితే ఇనుము మొక్కకు అందడం మరింత కష్టమవుతుంది.

నేల, నీరు

నూరువరహాలకు ఉదజని సూచిక 5.5 నుండి 6.5 వరకు గల ఆమ్ల నేలలు అనుకూలం. ఈ ప్రాంతపు ఎర్ర చల్కా నేలలు గ్రానైటు శిలల నుండి ఏర్పడినవి. వాటిలో ఇనుము కొరత లేదు, ఆ ఎరుపు రంగే ఇనుము ఆక్సైడులది. కొరత మొక్కకు అందే రూపానికే. ఉదజని సూచిక ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం దాదాపు వెయ్యి రెట్లు తగ్గుతుంది. బైకార్బొనేట్లు గల బోరునీటిని ఏడాది పొడవునా పెట్టడం, గోడ కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నపు రద్దును పాదులోనే కప్పివేయడం ఈ మార్పుకు దోహదం చేస్తాయి. కుండీల అంచున, డ్రిప్పర్ల నోట తెల్లని పొర కడుతుంటే నీటిని పరీక్షకు పంపాలి.

లోపాన్ని గుర్తించడం

ముందుగా ఏ ఆకు పసుపుబారిందో చూడాలి. ఇనుము మొక్కలో ఒకచోటు నుండి మరొకచోటుకు సులభంగా కదలదు. అందువలన లోపం కొమ్మ చివరి లేత ఆకులలో మొదలవుతుంది. ఈనెలు ఆకుపచ్చగా నిలిచి, ఈనెల మధ్య భాగం పసుపుగా, తీవ్రమైతే తెల్లగా మారుతుంది. నత్రజని లోపంలో ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతాయి. మెగ్నీషియం లోపంలోనూ ముదురు ఆకులలోనే ఈనెల మధ్య పసుపు కనిపిస్తుంది. ముదురు ఆకులపై ఊదా రంగు మచ్చలు వస్తే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. మాంగనీసు లోపం మాత్రం ఇనుప లోపాన్ని చాలావరకు పోలి ఉంటుంది; కంటిచూపుతో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే.

సందేహం తీరడానికి ఒక సులభ పరీక్ష ఉంది. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణాన్ని ఒక కొమ్మకు మాత్రమే పిచికారీ చేసి గుర్తు కట్టాలి. వారం పది రోజులలో ఆ కొమ్మ లేత ఆకులు పచ్చబడితే లోపం ఇనుముదే. పచ్చబడకపోతే వేర్లను తవ్వి చూడాలి. నీరు నిలిచి కుళ్లిన వేర్లు, నులిపురుగులు ఆశించిన వేర్లు నేలలో ఇనుము ఉన్నా తీసుకోలేవు. కడియం నర్సరీల నుండి బంకమట్టి గడ్డతో వచ్చిన మొక్కను ఆ గడ్డతోనే తేలిక నేలలో పాతినప్పుడు, చుట్టూ తడి ఉన్నా గడ్డ లోపల ఎండిపోవడమూ జరుగుతుంది.

సవరణ

పై ద్రావణాన్నే వారం నుండి పది రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు, సాయంత్రం వేళ మొక్క మొత్తానికి పిచికారీ చేయాలి. ఇది తాత్కాలిక ఉపశమనమే. తరువాత వచ్చే చిగుళ్లు మళ్లీ పాలిపోవచ్చు. నేలలో వేసేందుకు చిలేటెడ్ ఇనుము మేలు. అయితే ఇ.డి.టి.ఎ. రూపం క్షార నేలలో నిలవదు, ఖరీదైనా ఇ.డి.డి.హెచ్.ఎ. రూపాన్నే సూచించాలి. పాదులోని రద్దును తొలగించి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. గంధకం సూక్ష్మజీవుల చర్యతో ఆమ్లంగా మారి పనిచేస్తుంది కనుక ఫలితం నెలల తరబడి ఆలస్యమవుతుంది. వీలున్నచోట ఇంటికప్పుపై పడిన వాన నీటిని నిల్వచేసి కుండీ మొక్కలకు వాడటం ఉత్తమం.

పూలు కొమ్మ చివరలనే వస్తాయి. నెలనెలా కత్తెరతో చదును చేసే కంచెలో పూలు కరవు కావడానికి ఇనుప లోపం కారణం కాదు. పూత ముగిశాక తేలికగా కత్తిరిస్తే చాలు.

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేయగానే మట్టి బాగా పొంగితే, ఆ నేలలో సున్నం అధికంగా ఉన్నట్లే. అక్కడ గంధకంతో సరిదిద్దడం లాభసాటి కాదు. నూరువరహాలను కుండీకే పరిమితం చేసి, నేలలో కాగితపు పూల మొక్కను నాటమని చెప్పవచ్చు.