ఊరు మారే ముందు



"పట్నం పోతే పిల్లలు బాగుపడతారు" అన్న మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. నిజమే కావచ్చు. అయితే సామాను కట్టకముందే లెక్క చూసుకోవాలి.

ఖమ్మం జిల్లా మధిర నుండి విజయవాడకు మారదలచిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రికి అక్కడ మంచి జీతం దొరికింది. కొడుకు ఎనిమిదవ తరగతి, కూతురు మూడవ తరగతి పూర్తి చేశారు. రైలెక్కితే దగ్గరే. కాని 2014 నుండి ఆ రెండు ఊళ్ళ మధ్య రాష్ట్ర సరిహద్దు ఉంది.

మొదటి విషయం స్థానికత. తెలంగాణలో వైద్య విద్య ప్రవేశానికి, సాధారణంగా ఇంటర్ పూర్తయ్యే నాటికి వరుసగా నాలుగేళ్ళు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2024లో వచ్చిన ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే తొమ్మిది మొదలు ఇంటర్ రెండవ సంవత్సరం వరకు పిల్లవాడు ఒకేచోట ఉండడం మేలు. మధ్యలో మారితే ఇక్కడా అక్కడా చిక్కు రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగాల లెక్క వేరు. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి నుండి ఏడవ తరగతి వరకు చదువులో అధిక భాగాన్ని, అంటే నాలుగేళ్ళను చూస్తుంది. కొడుకుకు అది పూర్తయింది. కూతురికి ఇంకొక ఏడాది కావాలి. కొడుకు కోసమైతే ఇప్పుడే మారాలి, లేదా ఇంటర్ దాకా ఆగాలి. కూతురి కోసమైతే ఒక ఏడాది ఆగాలి. తండ్రి ముందు ఒంటరిగా వెళ్ళడం ఒక దారి. ఏది మేలో ఆ ఇంటివారే తేల్చుకోవాలి.

రెండవది డబ్బు. పెరిగే జీతంలోనుండి ఇంటి అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు, బస్సు ఛార్జీలు, కొనుక్కునే పాలు, కూరగాయలు తీసివేయండి. మిగిలినదే అసలు లాభం. రేషను బియ్యం ఇప్పుడు వేరే రాష్ట్రంలోనూ తీసుకోవచ్చు. కాని ఇంట్లో పెద్దల పింఛను, ఆరోగ్యశ్రీ వంటివి రాష్ట్ర పథకాలు. వాటి సంగతి ముందే మండల కార్యాలయంలో విచారించండి.

మూడవది ఇల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అద్దె తక్కువని సంతోషించకముందు, ఆ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి.

ఈ ఆదివారం అందరూ కలిసి కూర్చుని ఈ ప్రశ్నలు మాట్లాడుకోండి. ఈ మార్పు ఎవరికి మేలు, ఎవరికి భారం? నాయనమ్మ ఎక్కడ ఉంటుంది? అర్ధరాత్రి జబ్బు చేస్తే అక్కడ ఎవరి తలుపు తడతాం? పిల్లలను కూడా అడగండి. వెళ్ళినా, ఉన్నా, అది ఇంటిల్లిపాది తీసుకున్న నిర్ణయం కావాలి.