లెక్కలోనికి రాని బిడ్డలు
బుద్ధిమాంద్యము గలవారిపట్ల పంచాయతీ సభ్యుల బాధ్యత

గ్రామమందు బోరుబావులెన్ని, వీధిదీపములెన్ని అని అడిగినచో ఏ పంచాయతీ సభ్యుడైనను తడుముకొనక చెప్పగలడు. బుద్ధిమాంద్యము గలవారెందరని అడిగినచో జవాబు చెప్పగలవారు అరుదు. లెక్కలోనికి రానివారికి ప్రభుత్వ సహాయము చేరదు. ఈ పాఠమునకు మూలసూత్రము ఇదియే.

పటాన్‌చెరు ప్రాంతమందలి చిట్కుల్‌ను చూడుడు. ఇస్నాపూర్, పాశమైలారం పరిశ్రమలు చెంతనే యుండుటచే, ఇట్టి చోట్ల పాత కుటుంబములతోపాటు ఇతర జిల్లాలనుండియు, ఇతర రాష్ట్రములనుండియు పనికై వచ్చి అద్దెగదులలో నివసించువారును గలరు. తల్లిదండ్రులిరువురును షిఫ్టులకు పోయినచో, ఇట్టి బిడ్డను కనిపెట్టి యుండువారెవరు? గదికి గొళ్లెము పెట్టి పోవు తల్లి కఠినురాలు కాదు. ఆమెకు వేరు దారి లేదు. ఆ దారి చూపుట ప్రజాప్రతినిధుల విధి.

ఇది పిచ్చి కాదు

బుద్ధిమాంద్యమునకును మానసిక రోగమునకును భేదము గలదు. మానసిక రోగము ఎవరికైనను, ఏ వయస్సునందైనను రావచ్చును. మందులు వాడవలసి రావచ్చును. బుద్ధిమాంద్యము పుట్టుకతోనో, బాల్యమందో కలిగి, నేర్చుకొను శక్తిని మందగింపజేయును. గర్భిణికి అయొడిన్ లోపించుట, కాన్పు సమయమున శిశువునకు ప్రాణవాయువు చాలకుండుట, మెదడువాపు, క్రోమోజోములలో మార్పు, మేనరికములందు హెచ్చుగా బయటపడు కొన్ని వంశపారంపర్య వ్యాధులు దీనికి గల కారణములలో కొన్ని. పూర్వజన్మ పాపము కారణము కాదు. తాయెత్తు చికిత్స కాదు.

శిక్షణమే దీనికి సాధనము. చొక్కా తొడుగుకొనుటను చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒకటి పట్టుబడిన పిమ్మట మరియొకటి నేర్పుదురు. తన గుండీ తానే పెట్టుకొన్న బిడ్డ, క్రమముగా తన అన్నము తాను తినును. పెద్దవాడై తగిన పనియు చేయగలడు. ఎంత త్వరగా ప్రారంభించిన అంత మేలు.

చట్టము, సదుపాయములు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలుబది శాతమునకు తక్కువగాని వైకల్యము గల బాలబాలికలకు 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య హక్కు. వైకల్యము గలవారిని పదిమందిలో ఉద్దేశపూర్వకముగా అవమానించుట శిక్షార్హమైన నేరము. తెలంగాణలో 2014లో ఆరంభమైన ఆసరా పింఛను, వికలాంగుల విషయమున 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచబడినది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టముననుసరించి నడచు ‘నిరామయ’ బీమా పథకము క్రింద లక్ష రూపాయల వరకు వైద్యవ్యయము లభించును.

బడిఈడు పిల్లలకు భవిత కేంద్రములు ఏర్పడినవి. సికింద్రాబాదు మనోవికాస నగరమున 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థలో పరీక్షయు, తల్లిదండ్రులకు సలహాయు లభించును. అది చిట్కుల్‌కు దూరదేశము కాదు. కాని దారి చెప్పువారు కావలెను.

సభ్యులు చేయవలసిన పనులు

1. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరుల తోడ్పాటుతో ఇంటింటి జాబితా వ్రాయింపుడు. అద్దెగదులను విడువకుడు. ఓటు లేనివారి బిడ్డయు బిడ్డయే.

2. వైకల్య ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టించి, పరీక్షదినమున ఆసుపత్రికి తోడు పంపుడు. ఒకదినపు కూలి పోవునను భయముచేతనే పెక్కుమంది ఆగిపోవుదురు. యూడీఐడీ కార్డు దేశమంతటను చెల్లును గనుక, వలస కుటుంబములకు అది మిక్కిలి ఉపయోగకరము.

3. బడియందు చేర్చుకొనుటకు ప్రధానోపాధ్యాయునితో మాటలాడుడు. ఆ బిడ్డను దయతో కాదు, హక్కుతో చేర్చుకొనవలెను.

4. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తల్లిదండ్రులు చట్టరీత్యా తమంతట తామే సంరక్షకులుగా కొనసాగరు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక స్థాయి సంఘమునకు దరఖాస్తు చేసికొనవలెను. ఈ సంగతి తెలియని కుటుంబములకు తెలుపుడు.

5. పగటి సంరక్షణ కేంద్రము కొరకు గ్రామసభలో తీర్మానము చేయింపుడు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములలో రెండు శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. తామున్న ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెను. షిఫ్టువేళల కనుగుణముగా నడచు కేంద్రమొక్కటి యున్నచో, గొళ్లెము పెట్టవలసిన అగత్యము తప్పును.

ఇట్టి బిడ్డల తల్లిదండ్రులను రేయింబవళ్లు వేధించు ప్రశ్న ఒక్కటే: “మా తర్వాత వీనికెవరు?” వారి ప్రశ్నకు “ఊరున్నది” అని ధైర్యముగా జవాబు చెప్పగల గ్రామమే నిజముగా అభివృద్ధి చెందిన గ్రామము. రాబోవు సమావేశమున సభ్యులు ఆ జాబితాలో మొదటి పేరు వ్రాయింతురుగాక.